ముసలమ్మను దాటిన మేక

హన్మకొండలో రెండు యానిమేషన్ స్టూడియోలు ఒకటైన నెలకే మేక ముసలమ్మను దాటిపోయింది.

పిల్లల సీరియల్లో వానకు తడుస్తూ ముసలమ్మ తాడుపట్టి మేకను ఇంటికి తీసుకుపోవాలి. ముసలమ్మను గీసింది జావీద్. అతని పాత స్టూడియోలో ఒక్క నడకకే వారం పట్టేది. మేకను గీసింది నిఖత్. ఆమె పాత స్టూడియోలో పూటకో సీను అయిపోయేది. రెండింటినీ కలిపి తెర మీద ఆడిస్తే మేక ముందు, ముసలమ్మ వెనక!

ఆఫీసంతా ఘొల్లుమంది.

"నీ ముసలమ్మ నడుస్తాందా, నిద్రపోతాందా?" అంది నిఖత్.

"నీ మేకకేమన్న లాస్ట్ బస్సు ఉన్నదా? గట్ల ఉరుకుతాంది!"

ఓనరు సారంగపాణికి మాత్రం నవ్వు రాలేదు. "రేపటికల్ల కుదరకపోతే కంప్యూటర్ల ఉన్న రెడీమేడ్ నడకలే పెడ్త. ముసలమ్మకైనా మేకకైనా ఒకటే లెక్క" అనేసి వెళ్లిపోయాడు.

జావీద్ ముఖం వాడిపోయింది. కేసముద్రంలో వాళ్ల దాదీ మోకాలి మీద చెయ్యి వేసుకుని నడిచే నడక అది. చిన్నప్పటి నుంచీ చూసి చూసి గీశాడు.

"రెడీమేడ్ వస్తే నేను మానేస్త" అన్నాడు మెల్లగా.

నిఖత్ నవ్వు ఆగిపోయింది. "జర మేడ మీదికి రా. మనమే చేసి చూద్దాం."

పైన సన్నగా చినుకులు మొదలయ్యాయి. వీడియో తీయడానికి ఫోనును నీళ్ల ట్యాంకుకు ఆనించి పెట్టి, నిఖత్ చున్నీ కొస అతని చేతికిచ్చింది.

"మేకెవరు?" అడిగాడు జావీద్.

"గడ్డం ఎవరికున్నదో వాళ్లే."

ఆమె లాగింది. అతను మడమలు తన్నిపట్టి నిలబడ్డాడు. ఇంకా గట్టిగా లాగింది. అతను ఇంకా వెనక్కి వంగాడు.

"మొండోడా, కదులు!"

"మేకను గుంజితే వస్తదా?"

నిఖత్ ఒక్క క్షణం అతన్నే చూసింది. పట్టు సడలించి, వెనక్కి తిరగకుండా నాలుగడుగులు వేసి ఆగింది. తడిసిన జడ వీపు మీద అంటుకుపోయింది. జావీద్ కాళ్లు తమంతట తామే కదిలాయి.

ఆ మధ్యాహ్నమంతా ఒకే టేబుల్ దగ్గర గీశారు. ఆమె మేకకు ఆగడం నేర్పింది. అతను ముసలమ్మకు జర తొందర నేర్పాడు. తాడు వదులుగా వేలాడుతుంటే ముసలమ్మ ముందు, మేక వెనకాలే.

సారంగపాణి రెండుసార్లు చూసి చిన్నగా నవ్వాడు. "రెడీమేడ్ వద్దులే. కానీ ఇట్లయితే పని జల్దీ ఎట్ల అయితదిరా?"

"నిఖత్ రోజూ నా పక్కన కూసుంటే అయితది సార్!"

సార్ ముందు ఎప్పుడూ నోరు తెరవని జావీద్ అంత మాట అనేసరికి వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

మెట్ల మీద నిఖత్ అడ్డం నిలబడింది. "గా మాట సార్‌కు చెప్పినవా, నాకు చెప్పినవా?"

"నీకే" అన్నాడు జావీద్, చెవులు ఎర్రబడుతుండగా. "ఆఫీసు కోసం కాదు. జిందగీ మొత్తానికే."

"అయితే ఆదివారం నర్సంపేటకు రా. అమ్మీతోని మాట్లాడు."

"ఆమె కాదంటే?"

"ఫికర్ చేయకు. పోయిన వారమే నీ ముసలమ్మ నడక ఫోన్ల చూపించిన. 'గింత ఓపికున్నోడు ఎవడే? ఒకసారి ఇంటికి తీస్కరా' అన్నది."