శుక్రవారం నాడు ముత్యాల ఊరు

శుక్రవారం పొద్దున పదకొండింటికి ఖతార్‌లోని అల్ వక్రా సూక్ బజారులో తెరిచి ఉన్నవి రెండే: ఒకటి సముద్రం, రెండోది తిరుమల్ నోరు. కొట్లన్నిటికీ తాళాలు.

"నువ్వు చెప్పిన ముత్యాల దుకాణం ఇదేనా?" మూసిన చెక్క తలుపు చూపించి అడిగింది స్వర్ణ.

"ఇదే. మొన్ననే వచ్చిన."

"మొన్న గూడ తాళమే ఉండెనా?"

తిరుమల్ నజ్మా నుంచి అల్ వుకైర్‌కి స్టాఫ్ బస్సు నడుపుతాడు. స్వర్ణ అల్ వుకైర్‌లోని నర్సరీ స్కూల్లో ఆయా. డ్రైవర్ వెనక సీటు ఆమెది. ఏడాదిగా అద్దంలో ఇద్దరి చూపులూ కలుస్తూనే ఉన్నాయి గానీ మాటలు మాత్రం రోడ్డు దిగి ఇటు రాలేదు. వక్రా మలుపు వచ్చిందంటే చాలు, తిరుమల్ మొదలుపెట్టేవాడు. పెట్రోలు దొరకక ముందు ఇదంతా ముత్యాల ఊరట, ముత్యాల కోసం జనం పడవలేసుకుని ఎగబడ్డారట, ఇక్కడి కరక్ చాయ్ తాగనివాడు ఖతార్‌లో ఉన్నా లేనట్టేనట. స్వర్ణ అన్నీ నమ్మింది. నమ్మి, చిన్నమ్మ గంగామణిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

గంగామణి పదకొండేళ్లుగా అల్ వుకైర్‌లో ఒక విల్లాలో వంట చేస్తోంది. ఎల్లుండి విమానమెక్కి ఇంటికి వెళ్లిపోతుంది, ఇక తిరిగి రాదు. ఇన్నేళ్లలో ఆమె చూసింది ఆ వంటగదినే. పోయే ముందు ఒక్క రోజైనా ఊరు చూపిద్దామన్నది స్వర్ణ ఆలోచన.

అంతవరకే అయితే తిరుమల్‌కి జనవరి చలిలో చెమటలు పట్టేవి కావు. గంగామణి ఫోన్‌లో స్వర్ణకు చూసిన ఒక ఆర్మూర్ పెళ్లికొడుకు ఫొటో ఉంది. ఆమె ఇల్లు చేరగానే వాళ్లకు ఔనో కాదో చెప్పాలి. స్వర్ణ మాత్రం నీ ఇష్టం చిన్నమ్మా అని ఊరుకుంది. కాబట్టి తిరుమల్ నోరు విప్పడానికి మిగిలింది ఈ ఒక్క పూటే.

వాచ్‌మన్ జాలిగా చూసి, ఈరోజు జుమ్మా కదా, చాయ్ కొట్టు నమాజు అయ్యాకే తెరుస్తారని, మిగతావి సాయంత్రానికి గానీ తెరవరని హిందీలో చెప్పాడు. వీళ్లకు సెలవు దొరికేది శుక్రవారమే, ఊరు తలుపులేసుకునేదీ ఆ పొద్దుటే. నాలుగేళ్లుగా శుక్రవారం మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకున్న తిరుమల్‌కి ఆ సంగతి తెలిసే దారి లేదు.

ఇది చాలదన్నట్టు వాన మొదలైంది. ఏడాదికి నాలుగుసార్లు పడే వాన, సరిగ్గా ఇవాళే తీరిక చేసుకుని వచ్చింది. ముగ్గురూ ఒక వసారా కిందికి పరిగెత్తారు. స్వర్ణ తడి చున్నీ కొస తిరుమల్ మోచేతికి తగిలింది. ఆమె తీసుకోలేదు, అతను కదల్లేదు.

"పిలగా, ఆకలైతున్నది. ఆ చాయ్ దుకాణం ఏ దిక్కున్నది?" అంది గంగామణి.

తిరుమల్ ఎడమకు చూపించాడు. కాసేపాగి కుడికి చూపించాడు. స్వర్ణ చున్నీ లాక్కుంది.

"నేనిక్కడికి ఎన్నడు రాలేదత్తా," అన్నాడు చివరికి. "బస్సుల నుంచి చూసుడే. డ్యూటీల బస్సు ఆపనియ్యరు."

స్వర్ణ మొహం వాడిపోయింది. "మరి ముత్యాల ముచ్చట్లన్ని?"

"అవి నిజమే. ఫోన్ల చదివిన. వక్రా మలుపు రెండు నిమిషాలుంటది. ఆ రెండు నిమిషాలు నీతోని మాట్లాడాలంటే రోజుకో కొత్త ముచ్చట కావాలె గదా. అందుకే చదివిన."

స్వర్ణ వాన వైపు తిరిగింది. తిరగడం ఆలస్యమైంది, నవ్వు దాగలేదు.

గంగామణి పదకొండేళ్లు అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకుతో తేల్చిన మనిషి. అతన్ని అలాగే చూసింది. "ఇంకేమన్న అబద్ధాలున్నయా?"

"ఒక్కటున్నది. పొద్దున కిరాయి కారెక్కంగ స్వర్ణ నీకేమైతదని అడిగినవు. బస్సుల వచ్చే పిల్ల, అంతే అన్న." తిరుమల్ స్వర్ణ వైపు చూశాడు. "అంతే కాదత్తా."

గంగామణి వాన తగ్గిందా అని చెయ్యి చాపి చూసింది. దాంతో తిరుమల్ సగం చచ్చాడు.

నమాజు అయ్యాక చాయ్ కొట్టు తెరుచుకుంది. ముగ్గురూ కరక్ తాగుతూ, గుడ్డు వేసి కాల్చిన పల్చటి రెగాగ్ రొట్టె తిన్నారు. అట్టు లెక్కనే ఉన్నది గాని ఉప్పు తక్కువని గంగామణి తీర్పిచ్చింది. గోడ మీద ముత్యాల కోసం మునిగేవాళ్ల ఫొటో ఉంది, నడుముకు తాడు, ముక్కుకు క్లిప్పు. వీళ్లు నెలల తరబడి సముద్రం మీదే ఉండేవాళ్లని, ఆడవాళ్లు ఒడ్డున ఎదురుచూసేవాళ్లని తిరుమల్ మెల్లగా చెప్పాడు. ఇల్లిడిసి బతకపోవుడు మనకొక్కలకే కాదన్నమాట అంటూ గంగామణి ఆ ఫొటోను చాలాసేపు చూసింది. తర్వాత స్వర్ణ వైపు తిరిగి, ఆర్మూర్ వాళ్లకు ఏం చెప్పమంటావని సూటిగా అడిగింది. ఈసారి నీ ఇష్టం అంటే కుదరదంది.

స్వర్ణ కప్పు కింద పెట్టింది.

"వద్దని చెప్పు చిన్నమ్మా. ఆయన మంచోడే కావచ్చు. నాకు ఈయనంటే పానం. ఏడాది సంది చెప్తడేమో అని చూస్తున్న, ముత్యాల గురించి తప్ప ఇంకోటి మాట్లాడకపాయె."

తిరుమల్ చేతిలో చాయ్ ఒలికింది. కాలిందని కూడా అతనికి తెలియలేదు.

గంగామణి ఫోన్ తీసి వీడియో కాల్ కలిపింది. అవతల స్వర్ణ నాన్న హన్మాండ్లు, పొలం గట్టున నిలబడి, దుబాయ్‌ల ఏమేం చూసినవు మరదలా అన్నాడు. ఆయనకు గల్ఫంతా దుబాయే.

"దుకాణాలన్ని బందున్నయి బావా. నీ అల్లున్ని చూసిన," అని ఫోన్ తిరుమల్ వైపు తిప్పింది.

హన్మాండ్లు ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. స్వర్ణ బల్ల కింద తిరుమల్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీది ఏ ఊరు బిడ్డా?" అన్నాడు హన్మాండ్లు.