తాళమేసిన ఇంట్లో గొంతు

ఆ సందు చివరి ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. తాళమేసిన ఇల్లు. లోపల మనిషి లేడు, పిల్లి కూడా లేదు. అయినా కొన్ని రాత్రుళ్లు అందులోంచి ఓ ఆడగొంతు వస్తుందని చెప్పుకునేవారు — మెల్లగా, పక్కన పడుకున్న మనిషిని లేపుతున్నట్టు...

"ఏమండీ..."

ఆ ఒక్క మాటకే ఆ సందు వాచ్‌మన్ కర్ర పారేసి పరుగు లంకించుకున్నాడట. నిలబడి రెండో మాట విన్న మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆ ఇల్లు కళ్లజోళ్ల షాపాయనది. జబ్బు చేసిన భార్యను ఆసుపత్రికి తీసుకెళ్తూ వేసిన తాళం అది. ఆవిడ అక్కడే పోయింది. ఆయన ఇంటిముఖం చూడకుండా, కూతుర్ని ఉంచిన అక్కగారింటికే వెళ్లిపోయాడు.

ఆయన సంగతి చెప్పాలంటే ముందు ఆయన డెక్కు సంగతి చెప్పాలి. మూతపడ్డ రికార్డింగ్ స్టూడియోలో కొన్న పాతకాలపు క్యాసెట్ డెక్కు. ఒక్కడు ఎత్తితే నడుం పట్టేసే బరువు. కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతోనే దాని మొహమూ తుడిచేవాడు. క్యాసెట్ పెట్టి వేలితో తాకితే చాలు, నిద్రొచ్చిన పిల్ల కన్ను మూసినట్టు దాని తలుపు మూసుకునేది. పాట మొదలైతే రెండు పసుపు దీపాల ముందు సన్నటి ముళ్లు ఊగేవి. పాడే మనిషి గుక్క తిప్పుకోవడం కూడా వినబడేది.

అది పాడుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. భార్య ఏదో చెప్పబోతే, చెయ్యెత్తి "ఉష్... ఆగు" అనేవాడు. నాకు సవతి ఇనప్పెట్టె రూపంలో వచ్చిందని ఆవిడ నవ్వేది. చెప్పాలనుకున్నది మింగేసి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆసుపత్రిలో ఆవిడ గొంతులోకి గొట్టం వేశారు. అప్పుడు ఆయన రాత్రింబవళ్లు ఆ పెదాల దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మాట రాలేదు... రాకుండానే ఆవిడ వెళ్లిపోయింది.

అక్కగారింట్లో ఆయనకు ముద్ద దిగేది కాదు, కునుకు పట్టేది కాదు. ఒక్క మాట కావాలి. తిట్టయినా సరే. పోయే ముందు తనకేం చెప్పాలనుకుందో తెలియాలి. దానికి తోడు, రోజురోజుకీ ఆ గొంతు కూడా మరుపున పడుతోంది — కళ్లు మూసుకుంటే మొహం కనబడుతోంది, గొంతు రావట్లేదు. అమ్మ నన్నెలా పిలిచేది నాన్నా అని ఓరోజు కూతురు అడిగింది. పిలిచి చూపించబోయాడు. చేతకాక గోడవైపు తిరిగిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఆ ఇంటి కబురు చెవిన పడింది. చెప్పకూడదనుకుంటూనే అక్క చెప్పేసింది — నీ పెళ్లాం ఆ ఇంట్లో తిరుగుతోందట, పొరపాటున కూడా అటు పోకు అని.

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

"దెయ్యంరా తమ్ముడూ..." అక్క చెయ్యి పట్టుకుంది.

"మాట్లాడుతుందటగా అక్కా," అన్నాడు. "నాకది చాలు."

సందులోకి తిరిగాడో లేదో కరెంటు పోయింది. వీధి దీపాలు, కిటికీలు — అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. తడుముకుంటూ వెళ్లాడు. తుప్పుపట్టిన తాళంలో చెవిని బలవంతాన తిప్పి, తలుపు తోశాడు. దుమ్ము... మూసిన గది వాసన... కాలికి ఏదో మెత్తగా తగిలింది — పిల్ల చెప్పు.

గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

"వచ్చాను," అన్నాడు గుసగుసగా. "పలుకు."

ఏమీ లేదు.

బతిమాలాడు. కాళ్లు పట్టుకుంటానన్నాడు. నేల మీద తల ఆనించి ఏడ్చాడు. బతికున్నన్నాళ్లూ తను ఆవిణ్ని ఆపాడు, ఇప్పుడు ఆవిడ తనను ఆగమంటోంది కాబోలు అనుకున్నాడు. ఇక లాభం లేదని లేవబోయాడు...

చీకట్లో రెండు పసుపు కళ్లు తెరుచుకున్నాయి.

ఏదో సన్నగా కదిలింది. ఎవరో ఊపిరి పీల్చారు — మరీ దగ్గరగా.

"ఏమండీ..."

ఆయన కదల్లేదు. రెండో మాట కోసం ఊపిరి బిగబట్టాడు.

"ఏమండీ... కరెంటొచ్చినట్టుంది."

కాస్త ఆలస్యంగా రాజుకున్న వీధి దీపం వెలుగు కిటికీలోంచి పడింది. ఆ వెలుగులో చూశాడు. కళ్లు కావు... డెక్కు దీపాలు. లోపల క్యాసెట్ తిరుగుతోంది.

కరెంటు పోయి వస్తే తనంతట తానే పాట అందుకునేలా ఆ డెక్కుకో మీట ఉంది. దాన్ని ఎప్పుడూ అలా పెట్టి ఉంచేది ఆయనే. పాట వినబడితే కరెంటొచ్చిందని ఇంట్లో అందరికీ తెలిసేది. ఆసుపత్రికి బయల్దేరే రోజు ఆయన ఆటో కోసం వెళ్లినప్పుడు, ఆవిడ పాటల క్యాసెట్ తీసేసి, తను ముందే మాట్లాడి ఉంచుకున్న క్యాసెట్ పెట్టింది. బట్టల కోసమైనా రాత్రికి ఇంటికొస్తాడు, కరెంటు పోయి వచ్చినప్పుడు వింటాడు అనుకుంది. ఆయన రాలేదు. టేపు చివరికంటా తిరిగి, తనే మొదటికి చుట్టుకుని ఆగేది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఖాళీ గోడలతో మాట్లాడుతూనే ఉంది.

"మీరు వినాలంటే దీన్లోంచే చెప్పాలి కదా, అందుకని... పాపకి జడ గట్టిగా లాగకండి, ఏడుస్తుంది. నా మీద బెంగతో తిండి మానకండి. ఈ పెట్టెని తుడిచినట్టు మీ మొహం కూడా కాస్త కడుక్కుంటూ ఉండండి..." చిన్న నవ్వు. గాజులు కదిలిన చప్పుడు. "వింటున్నారా?"

ఆ తర్వాత ఖాళీ టేపు... సన్నటి హోరు.

"వింటున్నాను," అన్నాడు. మళ్లీ అన్నాడు, సందంతా వినబడేలా — "వింటున్నానే..."

తెల్లవార్లూ టేపు వెనక్కి తిప్పుతూనే ఉన్నాడు. ఆవిడ అడిగిన ప్రతిసారీ జవాబు చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్న వాచ్‌మన్ కొత్త కబురు తెచ్చాడు. ఇన్నాళ్లూ ఆడగొంతు ఒక్కటే ఉండేదని, రాత్రి దానికి ఓ మగగొంతు ఏడుస్తూ బదులు పలికిందని, తన చెవులారా విన్నానని ఒట్టేశాడు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరున్నారట.