మసి పట్టిన ఇత్తడి రేకులు

సువర్ణరాజు కోపమంతా లక్ష్మీనరసింహారావు మీదే. స్టేషన్ మెట్లెక్కుతూనే ఆ మాట అనేశాడు.

"ఆ షావుకారు నన్ను ముంచేశాడు సార్. పొద్దున నా తోట రాయించేశాడు."

ఎస్.ఐ. శ్రీమన్నారాయణ ఫ్యాను కింది నుంచి లేవలేదు. 1986 మే నెల. నూజివీడులో కరెంటు ఉన్నంతసేపే సుఖం.

"సోమవారం ఆయన మామిడికాయలు మాగేసే గది తగలబడింది. నీవల్లేనని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నావు. ఇప్పుడేంటి?"

"పదిమందీ అదే మాట అంటుంటే నాకే నిజమేమో అనిపించిందండీ."

"అసలు నువ్వు చేసిందేంటి?"

"వాళ్ల అల్లుడు దుబాయ్ నుంచి పాపకి ఎక్కి నడిపే బొమ్మ జీపు, మామగారికి బ్యాటరీ డ్రిల్లు తెచ్చాడండీ. జీపు బ్యాటరీ చచ్చిపోయింది. అలాంటిది ఇక్కడ దొరకదు. నేను మోటార్లు బాగుచేసేవాణ్ని కదా, డ్రిల్లు బ్యాటరీతో నడిచేలా అడాప్టర్ చేసిపెట్టమన్నాడు షావుకారు. మామిడిపెట్టె చెక్కతో డబ్బా చేసి, లోపల రెండు ఇత్తడి రేకులు బిగించి, మోటారుకి వైర్లు కలిపాను. బ్యాటరీ డబ్బాలోకి తోస్తే జీపు నడుస్తుంది."

"ఫ్యూజు?"

"పెట్టాను. చెబితే వినేదెవరండీ."

శ్రీమన్నారాయణ లేచాడు.

విస్సన్నపేట రోడ్డులో గోడౌన్. మాగేసే గదికి కిటికీలు లేవు. నల్లబడిన గోడలు. మాడిన ఎండుగడ్డి. పెట్టెల మధ్య కాయలు మాగడానికి పెట్టే కార్బైడ్ పొట్లాల బూడిద. మూలన సగం కరిగిన బొమ్మ జీపు.

లక్ష్మీనరసింహారావు ఎదురొచ్చాడు. చెమటతో ముద్దయిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. మణికట్టు దాకా గుండీలు.

పక్కనే రైతు వీరరాఘవయ్య. కాలిన కాయలు ఆయనవే. వాటికి బదులుగా సువర్ణరాజు తోట పొద్దునే ఆయన పేరిట రిజిస్టరయింది.

"మంటలు లేచినప్పుడు మీరెక్కడున్నారు?" ఎస్.ఐ. అడిగాడు.

"ఇంట్లో భోంచేస్తున్నానండీ," అన్నాడు షావుకారు.

"కరెంటు ఉందా?"

"లేదు."

"లోడు ఎప్పుడెత్తాలి?"

"అప్పటికే లారీ వచ్చి నిలబడింది."

"జీపులో బ్యాటరీ ఉందా?"

"ఉందండీ. స్విచ్చి ఆపకుండా పాప ఇక్కడ వదిలేసింది. అది షార్టయి అంటుకుంది. మంట ఆరాక నేను ముట్టుకోలేదు కూడా."

"నీ కక్కుర్తి రేకుల వల్లే రాజూ," వీరరాఘవయ్య గొణిగాడు.

"మీ పంపుసెట్టు ఆరేళ్లుగా నడుస్తోంది ఆ కక్కుర్తి రేకులతోనే బాబాయ్."

శ్రీమన్నారాయణ జీపు ముందు గొంతుక్కూర్చున్నాడు. అడాప్టర్ డబ్బా పైన బొగ్గయింది. బ్యాటరీ బయటికి లాగాడు. డబ్బా లోపల వేలు పెట్టి రాశాడు.

వేలు నల్లగా వచ్చింది.

"ఇత్తడి రేకుల మీద కూడా మసే. బ్యాటరీ మాత్రం శుభ్రంగా ఉంది. మంట వేళ ఇది ఇందులో ఉంటే రేకులకి మసి ఎలా పడుతుంది? దీని ప్లాస్టిక్ ఎలా మిగులుతుంది? డబ్బా ఖాళీగా ఉంది. బ్యాటరీ తర్వాత పెట్టారు."

ఎస్.ఐ. లేచి నిలబడ్డాడు.

"షావుకారు గారూ, చొక్కా చేతులు పైకి మడవండి."

"ఎందుకండీ?"

"మే నెలలో మణికట్టు దాకా గుండీలెందుకండీ?"

ఎడమచేతికి దట్టంగా వెంట్రుకలు. కుడిచేయి మోచేతి దాకా నున్నగా కమిలి ఉంది.

"కార్బైడ్‌కి చెమ్మ తగిలితే మండే గ్యాస్ పుడుతుంది. అందుకే తలుపు తీశాక గది గాలాడేదాకా ఎవరూ దీపం లోపలికి తీసుకెళ్లరు. మీకు తెలియంది కాదు. లారీ ఆగి ఉంది. కరెంటు లేదు. లాంతరు పట్టుకుని వెళ్లిపోయారు. రైతుకి నష్టం కట్టాల్సొస్తుందని, ఇంట్లో డ్రిల్లుకున్న బ్యాటరీ ఊడదీసి తెచ్చి డబ్బాలో పెట్టారు. అవునా?"

లక్ష్మీనరసింహారావు పెట్టె మీద కూలబడ్డాడు.

"అవును. కేసు పెట్టుకోండి."

సువర్ణరాజు వీరరాఘవయ్య వైపు తిరిగాడు. "విన్నావుగా బాబాయ్. తోట తిరిగి రాసిచ్చెయ్."

వీరరాఘవయ్య కండువా దులుపుకున్నాడు. "నా కాయలు కాలాయా లేదా? నువ్వు కాల్చినా ఆయన కాల్చినా నాకు బూడిదేగా మిగిలింది. నువ్వు రాసిచ్చావు, నేను తీసుకున్నాను. నీ నష్టం ఆయన్నే అడుగు."

"సార్?"

"సంతకం నీది," శ్రీమన్నారాయణ నేల చూస్తూ అన్నాడు. "కోర్టుకెళ్లాలి."

"నిన్న ఒక్కసారి వచ్చి ఈ డబ్బాలో వేలు పెట్టి ఉంటే సరిపోయేది కదండీ."

ఎస్.ఐ. వేలికంటిన మసి రుమాలుకి తుడుచుకున్నాడు. అది పోలేదు.

ఎకరం పది సెంట్లు. చిన్నరసాలు నలభై ఒక్క చెట్లు. ఈ ఏటి కాయ ఇంకా కోయనే లేదు.