క్లోకా

ఉదయం తొమ్మిదింబావుకి ఆమెను లిఫ్టులో కాల్చేశారు.

శత్రు ముఠాలో ఉంటూ ఆరేళ్ళుగా డిపార్ట్‌మెంటుకు రహస్యాలు అందించిన డబుల్ ఏజెంట్. ఆమె అడుగుపెడితే విందులో మాటలు ఆగిపోయేవట. ఆ ‘అట’ తప్ప ప్రొఫెసర్‌కి మరేమీ తెలియదు. ఏడు భాషలొచ్చిన ఏజెంట్ కనుక అతనికి ఆ పేరు. ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఫోనులో గొంతు మాత్రమే విన్నాడు.

“భోంచేశారా?” అనేది ఆమె కోడ్. “ఇంకా లేదు” అనేది అతని జవాబు. ఆరేళ్ళలో అతన్ని ఆ మాట అడిగిన మనిషి ఇంకొకరు లేరు.

పోతూ పోతూ ఆమె పంపిన మెసేజ్ ఒకే ఒక్క మాట: క్లోకా.

“స్వీడిష్‌లో గడియారం. అంతేగా?” అన్నాడు చీఫ్. “సంధి చెడగొట్టడానికి ముఠా పెడుతుందని ఆవిడ ముందే చెప్పిన బాంబు, సంధి జరిగే హాల్లో ఏదో గడియారంలో ఉందన్నమాట. పదకొండింటికి మీటింగ్. వెయిటర్‌గా వెళ్ళు.”

“మీటింగ్ ఆపేస్తే?”

“సంధి చెడుతుంది. వాళ్ళకి కావలసిందీ అదే.”

పదకొండింటికి రెండు నిమిషాలే ఉన్నాయి. హాల్లో గోడ గడియారం విప్పేశారు. అందరి చేతి వాచీలూ స్కాన్ చేశారు. ఏమీ లేదు.

“ఆవిడ పొరబడిందేమోనయ్యా,” అన్నాడు చీఫ్ ఇయర్‌ఫోన్‌లో.

“ఆవిడ పొరబడదు సార్.”

కాఫీ ట్రే పట్టుకుని ప్రొఫెసర్ ఆ మాటనే తిరగేశాడు. ఒంటరి గదిలో మాటల వేళ్ళు తవ్వుకోవడమే అతని కాలక్షేపం. లాటిన్‌లో క్లొక్కా, ఫ్రెంచిలో క్లోష్, జర్మన్‌లో గ్లోకె. అన్నీ మోగేవే! తొలినాళ్ళ గడియారాలకి ముళ్ళు లేవు, మోగి వేళ చెప్పేవి. అందుకే ఇంగ్లీషులో క్లాక్ అయింది. స్వీడిష్‌లో రెండర్థాలూ మిగిలాయి. అంతదూరం పోవడం దేనికి? మన తెలుగు మాట చేసిందీ అదేగా!

గంట.

మీటింగ్ మొదలుపెట్టడానికి సభాధ్యక్షుడు బల్లమీది ఇత్తడి గంట అప్పుడే ఎత్తాడు. ఇంకా ఊపలేదు.

ట్రే గాల్లోకి లేచింది. ప్రొఫెసర్ బల్లమీదికి దూకి, గంటలోకి చెయ్యి దూర్చి నాలుక గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళకి సన్నటి వైరు తగిలింది.

“ఏమిటయ్యా ఈ వాలకం?” గద్దించాడు అధ్యక్షుడు.

“నాలుక కదలకూడదు సార్. మీది కాదు, గంటది.”

బాంబ్ స్క్వాడ్ వచ్చి గంటను పట్టుకెళ్ళింది. సంధి పత్రాల మీద సంతకాలు మొదలయ్యాయి.

“శభాష్! ఇంట్లోవాళ్ళకి కబురు చెయ్యమంటావా?” అన్నాడు చీఫ్.

“ఎవరూ లేరు సార్,” అన్నాడు ప్రొఫెసర్. “ఆవిడ అసలు పేరేమిటి?”

“నాకూ తెలీదయ్యా.”

మూల కుర్చీలోంచి ఒక పెద్దమనిషి చిటికె వేశాడు. “ఇదిగో బాబూ, నా కాఫీ అంతా నేలపాలు చేశావు. ఇంకోటి పట్రా. ఈసారి కాస్త చూసుకుని నడువు.”

ప్రొఫెసర్ నేలమీది ట్రే తీసుకున్నాడు.

“చక్కెర ఎంత వెయ్యమంటారు సార్?”