వెయ్యి ఓముల మనిషి

మా ఐసు ఫ్యాక్టరీలో పెద్ద ట్యాంకు ఉన్న గదికి కిటికీలు లేవు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. ఉప్పునీళ్ళ తేమ, తుప్పు, ముక్కు మండించే గ్యాసు వాసన. గోడకి ఇవతల స్విచ్చుల గదిలో నా కుర్చీ. గంటగంటకీ మీటర్లు చూసి రిజిస్టరులో రాయడం నా పని.

అక్షరాలు అరవై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. కరెంటు లెక్కలు కూతురు నేర్పింది. అదే ఇక్కడ ఎలక్ట్రీషియన్. "అమ్మా, వోల్టులంటే నీళ్ళని తోసే బలం అనుకో. ఆంపియర్లంటే పారే నీళ్ళు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దారి ఎంత ఇరుకో తెలుస్తుంది. అదే రెసిస్టెన్సు, ఓముల్లో చెప్తాం. రెండిటినీ గుణిస్తే ఎంత పవరు తింటోందో తెలుస్తుంది, వాట్లలో," అని చెప్పింది. కంటికి కనబడనిదాన్ని భాగహారంతో పట్టుకోవచ్చా! నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు. ట్యాంకు ఖాళీ చేసి, పాత మోటారు విప్పి బయట పెట్టేశారు. అడుగున మాత్రం మడమ లోతు నీళ్ళు మిగిలాయి. లోపల గోడకి వేలాడుతున్నవి రెండు వైర్లు, వాటి కొసలకి టేపు. అంతే. కొత్త మోటారు బిగించడానికి నేనూ కూతురూ ఇద్దరమే వచ్చాం.

"ట్యాంకు లైను స్విచ్చు వెయ్యమ్మా. వోల్టులెంత?"

"రెండొందల ముప్ఫై."

"ఆంపియర్లు సున్నా కదా?"

సున్నా కాదు. ముల్లు సున్నా పాయింటు ఇరవై మూడు దగ్గర వణుకుతోంది.

"మోటారే లేదు కదే. కరెంటు ఎవరు తాగుతున్నారు?"

"మీ అల్లుడేమో చూడు. ఊరికే దొరికితే ఏదైనా తాగుతాడు," అని నవ్వింది. "సరే, లెక్క కట్టు."

రిజిస్టరు అంచున భాగించాను. గుణించాను.

"వెయ్యి ఓములు. యాభై మూడు వాట్లు."

దాని నవ్వు ఆగిపోయింది.

"ఏమిటే?"

"ఏం లేదు. తడిసిన మనిషి ఒళ్ళు ఇంచుమించు వెయ్యి ఓములుంటుంది."

స్విచ్చు ఆపాను. ముల్లు పడలేదు. ఫ్యూజు పీకి బల్ల మీద పెట్టాను. ముల్లు పడలేదు.

"మీటరు పట్టేసింది. వైర్లు చూసొస్తా," అని టార్చి తీసుకుంది.

"వద్దే. నా మాట విను."

"ఫ్యూజు నీ కళ్ళెదురుగా ఉంది. ఇంకెక్కడి కరెంటమ్మా?"

ఇనుప తలుపు దాని వెనక మూసుకుంది. బూట్ల చప్పుడు నీళ్ళలో... చప్... చప్... తర్వాత ఏమీ లేదు.

ముల్లు కదిలింది.

సున్నా పాయింటు నలభై ఆరు. పెన్సిలు విరిగేలా నొక్కి భాగించాను. ఐదొందలు. దారులు పక్కపక్కన రెండుంటే ఓములు సగమవుతాయని అదే చెప్పింది. వెయ్యి అంటే ఒక మనిషి. ఐదొందలంటే...

ఇద్దరు.

ఐసు దిమ్మలు పగలగొట్టే కర్రపిడి సుత్తి అందుకుని పరిగెత్తాను.

టార్చి నీళ్ళలో పడి వెలుగుతోంది. నా కూతురు మోకాళ్ళ మీద ఉంది, ఒళ్ళు విల్లులా వంగిపోయి. పళ్ళు బిగుసుకుని పెదవి తెగింది. జుట్టు మాడుతున్న కంపు. దాని పిడికిట్లో వైర్లు. ఆ పిడికిలి మీద... ఇంకో పిడికిలి.

అది గోడలోంచి వచ్చింది. నీళ్ళలో నాని తెల్లబడిన చెయ్యి. గోళ్ళు నా కూతురి మణికట్టులో దిగబడి ఉన్నాయి. ఆ ట్యాంకులో నాకు తెలిసి ఎవరూ చావలేదు.

"అమ్... మా..."

కొట్టాను. ఎముక విరిగింది. ఎవరిదో తెలీదు. మళ్ళీ కొట్టాను. తెల్లటి వేళ్ళు రెండు తెగి నీళ్ళలో పడ్డాయి. పడ్డాక కూడా కదిలాయి. నా బిడ్డ రక్తం నా మొహాన చిమ్మింది. అయినా ఆ చెయ్యి వదల్లేదు. కళ్ళు మూసుకున్నాను. నేను కన్న చేతి మీదే, ఉన్న బలమంతా పెట్టి, మూడోసారి కొట్టాను.

వదిలింది.

కాలర్ పట్టి బయటికి ఈడ్చాను. ఊపిరి లేదు. ఒంట్లో కరెంటు ఉందేమో చూడకుండా ముట్టుకోకూడదంటారు. అప్పటికే ముట్టుకున్నాను, అయినా దాని జేబులోంచి, కరెంటు తగిలితే వెలిగే టెస్టరు తీశాను. వెనక బొటనవేలు ఆనించి, కొస దాని గొంతు మీద పెట్టాను.

టెస్టరు వెలిగింది. నా బిడ్డ ఊపిరి పీల్చింది.

తీశాను. వెలుగు పోయింది. ఊపిరీ పోయింది. మళ్ళీ పెట్టాను.

ఆసుపత్రిలో ఇది మూడో రోజు. మొదటిరోజు డాక్టరుగారు, "షాక్‌లో ఉన్నారమ్మా మీరు. ఆ టెస్టరు ఇలా ఇవ్వండి," అని నా చెయ్యి పక్కకి జరిపారు. మంచం పక్కన మిషన్లో గుండె గీత చదునుగా అయిపోయింది. ఆయన మొహం పాలిపోయింది. నా బొటనవేలిని తనే తెచ్చి టెస్టరు మీద పెట్టారు. అప్పట్నుంచి ఎవరూ తియ్యమనలేదు.

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. నాకు రెండు చేతులూ అక్షరాలకి కొత్తే కాబట్టి పెద్ద తేడా లేదు. కుడిచేతిలో చలి మోచేతి దాకా ఎక్కింది. ఎక్కనీ. బిడ్డ ప్రాణం కంటే ఎక్కువా?

ఇందాక దుప్పటి సర్దుతూ నర్సు కెవ్వున అరిచింది. కూతుర్ని చూసి కాదు. నా చెయ్యి చూసి. తెల్లగా నానిపోయింది.

గోళ్ళు నావి కావు.