బైబిల్లో పసుపు గీతలు

"ఓలమ్మో! దేవుడి పుస్తకానికి పసుపు పూసేసేరు, సూడండర్రా!"

ఆ ఆదివారం నర్సీపట్నం స్త్రీల సమాజం కూడికలో ఈ కేక పెట్టింది కరుణమ్మ. చాపల మీదున్న తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి! సమాజానికి పెద్ద రాహేలమ్మ గారు నిలబడి, కొండల వైపు కళ్ళెత్తే కీర్తనను గంట మోగినట్టు చదువుతూ ఉన్నారు. ఆవిడ చేతిలో తెరిచిన బైబిలు నిండా పచ్చటి గీతలు... వేలెడు వెడల్పు గీతలు! వాసన చూస్తే పసుపే. రాహేలమ్మ గొంతు సగంలో ఆగిపోయింది. పుటలు తడిమింది, అట్ట తడిమింది. అప్పుడు తెలిసింది ఆవిడకి, గూట్లోంచి తొందరలో తీసింది తన బైబిలు కాదని, కోడలిదని. రెండూ నల్ల అట్టలే మరి!

"ఇది... ఇది నాది కాదు. మా దీనమ్మది" అంది రాహేలమ్మ.

"అలా సెప్పండి! ఎంత బాప్తిస్మమిచ్చినా పాత బుద్ధి పోద్దేటి? బైబిలుకి పసుపెట్టి పూజ సేస్తంది!" అంది కరుణమ్మ.

వెనక వరసలో చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది దీనమ్మ. లేచి చెప్పాలనుకుంది. నోరు పెగిలితేనా!

దీనమ్మది మాకవరపాలెం. తనకి పదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ సంఘంలో చేరారు. చేరినా ఆ పిల్లని ఇంట్లో సింహాద్రమ్మనే పిలిచేవారు. పెళ్ళినాడు ఆ పేరు గడప బయటే వదిలేసి దీనమ్మగా లోపలికి రమ్మన్నారు అత్తగారు. వచ్చింది... వచ్చిన దగ్గర్నుంచీ మళ్ళీ ఆ గడప దాటింది లేదు, ఆదివారం గుడికి తప్ప! మొగుడు ఏసుపాదం చింతపల్లిలో కలప డిపోలో పని, శనివారం సాయంత్రం దిగుతాడు, సోమవారం తెల్లారకుండా ఎక్కుతాడు. మిగతా రోజులన్నీ వంటిల్లు, పెరటి గోడ, ఆ గోడ మీద కనబడే జానెడు ఆకాశం. పక్కింటివాళ్ళతో మాటాడితే "ఏటా కబుర్లు?" అని లోపల్నుంచి పిలుపు. పుట్టింటికి వెళ్తానంటే "మీ అమ్మనే రమ్మను" అని జవాబు.

అలాంటి పిల్లకి బైబిలే ఒక కిటికీ అయింది. మాకవరపాలెంలో జోగులమ్మ గారని వాక్యం నేర్పే ఆవిడ ఆడపిల్లలకి చెప్పేది, "ఊరికే సదివితే మంచినీళ్ళు తాగినట్టు పోతాదర్రా! గురుతులెట్టుకు సదవండి. వాగ్దానం కింద గీత, అర్థం కాని చోట సున్నా. పక్కన కాళీలో ఆ పూట మీ కట్టమేటో మీ సేత్తో రాసుకోండి. మళ్ళీ ఆ పేజీకొచ్చినప్పుడు దేవుడేటి సేసేడో మీకే తెలుస్తాది" అని. దీనమ్మ అలాగే చదివేది. సున్నాలే ఎక్కువ, పాపం! ఒక చోట అంచులో 'బాబుకి జ్వరం తగ్గింది' అని ఉండేది. ఇంకొక చోట 'అమ్మని కలలో చూశాను' అని. ఎవరితో చెప్పుకోవాలి మరి ఆ మాటలన్నీ?

ఒకనాడు గూడు సర్దుతుంటే అందులోంచి పెన్సిలు ముక్క దొర్లి రాహేలమ్మ కాలికి తగిలింది.

"ఏటే ఇది?"

"అంచులో రాసుకుంటన్నానండి, అత్తమ్మా..."

"దేవుడి మాట పక్కన నీ మాటలేటే? నువ్వేటి ప్రవక్తవా?"

పెన్సిలు ట్రంకుపెట్టెలోకి పోయింది. తాళంచెవి రాహేలమ్మ నడుముకి వేలాడింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, రోట్లో పసుపు కొమ్ములు దంచి, ఆ చేత్తోనే పుస్తకం తెరిస్తే వేలి ముద్ర పచ్చగా అంటుకుంది. దీనమ్మ దాని వైపు చూసింది... వేలు తడిచేసుకుని ఆ వాక్యం పొడవునా గీసింది. అంతే! అదమ్మా, ఆ పూజ!

మరి ఆ మాట ఎందుకు చెప్పలేదంటారా? చెప్పాలంటే ఆ పుట తెరిచి చూపించాలి, చూపిస్తే ఇంకొక మాట కూడా బయటికొస్తుంది. చేతిలో ఉన్నది ఎవరి పుస్తకమో చదివే మనిషికి ఎందుకు తెలియలేదు? తెరిచి ఉన్న చోట అసలు కీర్తనలే లేవే!

అత్తగారి కళ్ళకి పొర కమ్మేసిందని దీనమ్మకి ఎప్పుడో తెలుసు. ఆవిడ ఏరిన బియ్యంలో రాళ్ళు మిగిలిపోయేవి. గుమ్మంలో కన్నకొడుకు నిలబడితే "ఎవరది?" అనేది. దీనమ్మ చప్పుడు చెయ్యకుండా బియ్యం మళ్ళీ ఏరేది, గ్లాసు ఆవిడ చేతికే తగిలేలా పెట్టేది. ఆ వీధిలో చదువొచ్చిన మొదటి ఆడది రాహేలమ్మ! సువార్త చెప్పుకు తిరిగిన మొగుడు లాంతరు దగ్గర కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆయన పోయాక ఆవిడకి మిగిలింది ఆ చదువు, సమాజంలో ఆ పెద్దరికం. అది కూడా పోయిందని నలుగురికీ తెలిస్తే ఆ మనిషి బతుకుతుందా? అందుకే ఆ పిల్ల నోరు కుట్టేసుకుంది...

సంఘ పెద్ద దానియేలు మేస్టారు తీర్పు చెప్పారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం నాడు దీనమ్మ అందరి ముందూ నిలబడి, పూజ చేశానని ఒప్పుకుని క్షమాపణ అడగాలి. లేకపోతే సంఘంలో చోటు లేదు!

ఇంటికొచ్చాక రాహేలమ్మ ఇంకొకటి కలిపింది. "ఒప్పుకోకపోతే మాకవరపాలెం పో. బిడ్డ మాత్రం ఇక్కడే ఉంటాడు. ఆడు మా ఇంటి పిల్లడు!"

ఆ వారం రాలేకపోయిన ఏసుపాదం మరుసటి శనివారం వచ్చాడు. అంతా విని తల గోక్కున్నాడు.

"ఒప్పేసుకోరాదేటే? ఒక్క మాటతో పోద్ది గదా!"

"సెయ్యని పూజ సేసేనని దేవుడి బల్ల ముందర ఎలా సెప్పనండీ?"

"మరెందుకు పూసేవో సెప్పు!"

"పెన్సిలు లేక..."

"పెన్సిలు లేదా? ఇదేటి, ఎవరైనా నమ్ముతారేటే?"

పక్కగదిలో రాహేలమ్మ దగ్గు వినబడింది. దీనమ్మ మాట మింగేసింది. అబద్ధం చెబితే దేవుడికి దూరం. నిజం చెబితే అత్తగారి పరువు మంట్లో కలుస్తుంది. ఏమీ చెప్పకపోతే బిడ్డ దక్కడు! ఏ వైపు తిరిగినా గోడే... చంటివాడి తల నిమురుతూ తెల్లవార్లూ అలాగే కూర్చుంది, ఆ తల్లి!

ఆదివారం వచ్చింది. గుడి నిండిపోయింది. ముసుగు కప్పుకుని దీనమ్మ అందరి ముందూ నిలబడింది.

"ఆ పసుపెందుకు పూసేవమ్మా?" అన్నారు దానియేలు మేస్టారు.

"మరిసిపోకుండా గురుతుకండి."

"ఎవరూ పసుపుతో గురుతెట్టుకోరే! ఏ మంత్రాల కోసం గీసేవో మేమూ ఇంటాం. రాహేలమ్మ గారూ, మీరు పెద్దోరు. ఆ పచ్చ గీత ఉన్నది మీరే సదవండి."

పుస్తకం తెచ్చి రాహేలమ్మ చేతుల్లో పెట్టారు!

రాహేలమ్మ లేచి నిలబడింది. పుస్తకం ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పట్టుకుంది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. కరుణమ్మ మెడ సాచి చూస్తోంది.

దీనమ్మ ఒక్కడుగు వెనక్కి వేసి అత్తగారి భుజం పక్కకి వచ్చింది. ముసుగు చాటున, ఎవరికీ వినబడకుండా, ఆ గీత మీదున్న మాటలు మెల్లగా అందించింది... దిక్కులేని పిచ్చుకకి కూడా దేవుడి గుడిలో గూడు దొరికిందన్న మాటలు. రాహేలమ్మ వాటిని అందుకుంది. పైకి అంది. కోడలు ఇంకొక ముక్క అందించింది. ఆవిడ అంది. మూడో ముక్కకి రాహేలమ్మ పుస్తకం మూసేసింది. దాన్ని గుండెకి హత్తుకుని బావురుమంది!

"నాకు కనబడదు బాబూ! నాకు కనబడదు! ఏళ్ళ తరబడి మిమ్మల్ని మోసం సేస్తన్నాను. గురుతున్నవి సదివినట్టు సెప్పీసేదాన్ని. ఈ పిల్లకి తెలుసు... దీనికి అన్నీ తెలుసు! ఒక్క మాటంటే తను బతికిపోయేది. అన్లేదు. దీని పెన్సిలు లాక్కున్నది నేను, మేస్టారూ! పసుపు గాకపోతే ఏటెట్టుకుంటాది?"

దానియేలు మేస్టారు తల దించుకున్నారు. ఆ రోజు రొట్టె ముందుగా దీనమ్మకే అందించారు. కరుణమ్మ ముక్కు చీదుకుంటూ వచ్చి బిడ్డనెత్తుకుంది.

ఒక్క రోజులో మనుషులు మారిపోతారని చెప్పను, తల్లీ! ఆ గడప గడపలాగే ఉంది. "మాకవరపాలెం ఎల్లొత్తానత్తమ్మా" అంటే "పంట కోతలవ్వనీ" అనే మాటే ఇప్పటికీ. కళ్ళ ఆపరేషను సంగతి కొడుకెత్తితే "నా కళ్ళు నాతోనే పోతాయి" అని విసుక్కుంటుంది. పెరటి గోడ మీద ఆకాశం అంతే జానెడు.

కానీ ఒక మధ్యాహ్నం రాహేలమ్మ కోడల్ని తన మంచం దగ్గరికి పిలిచింది. నడుము నుంచి తాళంచెవి విప్పి, ట్రంకుపెట్టెలోంచి పెన్సిలు ముక్క తీసి ఇచ్చింది.

"ఇది నీకు. నువ్వు రాసుకో, నీ కట్టాలు. నా మీద రాసినా పర్లేదు."

"అయ్యో, అదేటత్తమ్మా!"

"ఇంకోటి సెయ్యి. పసుపు తడిపి బేగి తే."

దీనమ్మ చిన్న గిన్నెలో పసుపు తెచ్చింది. రాహేలమ్మ తన బైబిలు, ఇన్నేళ్ళూ గీత పడనివ్వని బైబిలు, ఒళ్ళో తెరిచి పెట్టుకుంది.

"ఆ దినం నేను సదివినట్టు నటించిన కీర్తన ఎక్కడుందే? కొండలది. అక్కడెట్టు."

"పెన్సిల్తో సన్నగా గీస్తానత్తమ్మా. మీ పుస్తకం పాడవకుండా..."

"పెన్సిలు నాకు కనబడదే, సింహాద్రీ! పసుపు రంగొక్కటే, ముక్కు దగ్గరెట్టుకుంటే కాస్త కనబడతంది."

వదిలేసి వచ్చిన ఆ పేరు వినగానే దీనమ్మకి కళ్ళు నిండిపోయాయి. ముడతలు పడిన ఆ వేలు పట్టుకుని, పసుపులో ముంచి, ఆ వాక్యం మొదట్లో ఆనించింది. అత్తా కోడళ్ళు ఇద్దరూ కలిసి, మెల్లగా, ఆ చివరిదాకా గీశారు.