కేప్ కోస్ట్ సభలో నలభై సెకన్ల టేపు

"డాక్టర్ అర్హిన్‌ని చంపరు. అంతకన్నా చవగ్గా పని కానిస్తారు," అన్నాడు కర్నల్ అగ్బెకో.

రాజధాని అక్రాలో, గూఢచారి శాఖ వాడే ఆ మూడో అంతస్తు గదికి బోర్డు లేదు. ఏజెంట్ ఈబో క్వాంసా నిలబడే వింటున్నాడు. నాలుగు నెలలుగా అతని ముసుగు ఉద్యోగం, అధ్యక్ష అభ్యర్థి అర్హిన్‌కి ఉపన్యాసాలు రాయడం.

కర్నల్ టేపు మీట నొక్కాడు. అర్హిన్ గొంతు.

"కేప్ కోస్ట్ వాళ్లు గోడ మీద పిల్లులు. చేపముక్క చూపిస్తే దిగుతారు. ఇల్లు మాత్రం మీది."

"రేపు నాలుగింటికి అక్కడి సభలో, ఇరవై వేలమంది ముందు ఇది మోగుతుంది. అర్హిన్ పార్టీవాళ్లు వంద బస్సుల్లో వస్తున్నారు. ఊరివాళ్లు ఊరుకుంటారా? ఇదంతా నడిపిస్తున్న విదేశీ ముఠాకు ఎవరు గెలిచినా ఒకటే. రక్తం పారి ఎన్నిక ఆగాలి, అంతే. ఇంతకీ ఈ మాట రాసిందెవరు?"

"నేనే సార్."

కుమాసీ నగరంలో తలుపులు మూసి జరిపిన సమావేశం అది. "ముప్పై ఏళ్లు జెండా మోసింది మేం. బుజ్జగింపులు కేప్ కోస్ట్ వాళ్లకా?" అని పాత కార్యకర్తలు కుర్చీలు తన్నారు. వాళ్లని చల్లబరచడానికి ఈబో చీటీ రాసి అర్హిన్‌కి అందించాడు. అందరూ విరగబడి నవ్వారు. ఈబో పుట్టింది కేప్ కోస్ట్‌లోనే. ఆ రోజు అతనూ నవ్వాడు.

"బాగా రాశావు. శత్రువుకీ నచ్చింది," అన్నాడు కర్నల్.

మర్నాడు మూడూ యాభై తొమ్మిది. గ్రీజు మరకల చొక్కా, అతికించిన గడ్డంతో మైకు మెకానిక్‌లా ఈబో సౌండ్ వ్యాన్ తలుపు తీశాడు. లోపల డెలాలి. అర్హిన్ మీడియా సలహాదారు. చెవులకు బంగారు పోగులు, ఒక దానిలో కుమాసీ మాటలు పట్టిన మైక్రోఫోన్. చేతిలో ఫోన్, తెరమీద కౌంట్‌డౌన్.

"గడ్డం నీకు నప్పలేదు ఈబో."

"ఫోన్ ఇవ్వు."

"ఒక్క ముక్క కూడా మార్చలేదు. అన్నీ నీ మాటలే. నకిలీ అని చెప్పగలవా?"

ఈబో చేతిలోని స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. అందులో దాచిన, సిగ్నల్ ఆపే జామర్ పనిచేయడం మొదలెట్టింది. కౌంట్‌డౌన్ రెండు సెకన్ల దగ్గర ఆగిపోయింది. బయట కాచుకున్న ఇద్దరు ఏజెంట్లు డెలాలిని జీపెక్కించారు. ఆమె తల వంచలేదు. వంచింది ఈబో.

వేదిక మీద అర్హిన్ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "నాకు మావాళ్లు, బయటివాళ్లు అనే తేడా లేదు." ఆ వాక్యమూ ఈబోదే. జనం ఈలలు వేశారు.

పక్కనే చేపలు కాల్చే ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మనల్ని మనుషులుగా చూసేవాడు ఈయనొక్కడే. ఏం తమ్ముడూ, మొహం అలా పెట్టావ్? నీ ఓటు ఎవరికి?"

"ఇంకా తేల్చుకోలేదక్కా."

"అయితే నీకేం తక్కువ? తేల్చుకోనివాళ్లకే కదా మర్యాదలన్నీ. సాయంత్రానికి నీ ఇంటికీ పార్టీ టీషర్టు పంపిస్తారు."